స్టీలు కమ్మీకి తుప్పు

మా చిన్నమావయ్య ముప్పై ఏళ్లు ఇనుప గేట్లు చేశాడు. స్టీలు పని మొట్టమొదట ఒప్పుకున్నది ఆసుపత్రి ర్యాంపుకే. నడవలేనివాళ్లు పట్టుకునే కమ్మీ కదా అని, ప్రతి అతుకునూ నున్నగా అరగదీసి, గరుకు మిగిలిందేమోనని చెంప ఆనించి మరీ చూసుకున్నాడు. "మీ మనవలు ముసలివాళ్లయినా దీనికి తుప్పు పట్టదండీ" అని సూపర్వైజరుకు మాటిచ్చాడు.

పదిహేను రోజులకు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. వెళ్లి చూస్తే అతుకు అతుకుకూ ఎర్రటి మచ్చలు.

"రేపటికల్లా తేల్చు. లేదంటే పీకించి వేరేవాళ్లతో పెట్టిస్తా" అన్నాడు సూపర్వైజరు.

అట్నుంచి అటే స్టీలు కొట్టుకు వెళ్లాడు. స్కూటరు వెనక నేనున్నాను.

"ఏం బావా, నాసిరకం అంటగట్టడానికి నేనే దొరికానా?"

కొట్టాయన కోప్పడలేదు. ముందు మంచినీళ్లిచ్చాడు. తర్వాత పెరట్లో వానకు తడుస్తూ పడున్న గొట్టం ముక్క తెచ్చాడు. కమ్మీకి కోయగా మిగిలిందే. తళతళలాడుతోంది.

"అతుకుల మసి దేంతో రుద్దావు?"

"నా వైరు బ్రష్షుతో."

"గేట్లు రుద్దేదా?"

"మరి దీనికి పట్టుకుచ్చు తేవాలా?"

"దీనికి వేరే ఉండాలి బావా. స్టీల్లో క్రోమియం ఉంటుంది. గాలి తగిలితే చాలు, కంటికి కనబడని పొర కట్టుకుంటుంది. గీత పడ్డా మళ్లీ తనే కప్పుకుంటుంది. అందుకే తుప్పు రాదు. నీ బ్రష్షు దాంట్లో ఇనుప రజను గుచ్చింది. ఇప్పుడు తుప్పు పట్టింది ఆ రజనుకి. వదిలేస్తే కింద స్టీలునీ తినేస్తుంది."

మావయ్య బల్ల మీద కూలబడ్డాడు.

"అంటే... శుభ్రం చేస్తున్నాననుకుంటూ నేనే పాడుచేశానా?"

కొట్టాయన తుప్పును తినే ఆమ్లం పేస్టు డబ్బా, స్టీలు తీగల కొత్త బ్రష్షు, తన సొంత రబ్బరు తొడుగులు తెచ్చి అతని ఒళ్లో పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే పేస్టు పూసి, ఆగి, రుద్ది, నీళ్లతో మళ్లీ మళ్లీ కడిగాం. మచ్చలు పోయాయి. సూపర్వైజరు వచ్చి వంగి చూశాడు.

"సరుకులో లోపమా?"

అవునంటే మావయ్య పేరు దక్కేది. లోలోపల దేవుణ్ణి తలుచుకున్నాను.

"లేదండీ. సరుకు బంగారం. తప్పు నా బ్రష్షుది" అన్నాడు మావయ్య. "బ్రష్షుది కాదు లెండి. నాది."

సూపర్వైజరు అతుకు మీద వేలు రాసి, ఆ వేలిని చూసుకున్నాడు.

"సరే, ఉండనీ" అన్నాడు.