బుజ్జిబాబు కారణాలు

బుజ్జిబాబుని ఏ సంగతి అడిగినా తిన్నగానే చెబుతాడు. కూతుర్ని బడికి ఎందుకు పంపడం లేదని అడిగితే మాత్రం తలా ఒక కారణం ఇస్తాడు. యానాంలో తాగొచ్చి తూలుతూ తన పడవెక్కినవాళ్లకైతే రెండేసి ఇస్తాడు, ఎలాగూ గుర్తుండవని.

ఏటి నడుమ ఆ లంకలో బడి ఐదో తరగతితో సరి. ఆపైన చదవాలంటే గోదావరి దాటి హైస్కూలుకి వెళ్లాలి. లంక పిల్లలందర్నీ పొద్దున్నే పడవెక్కించి దాటించేది ఈ బుజ్జిబాబే. అందరి పిల్లల్నీ బడికి చేర్చే మనిషి, తన లక్ష్మీదుర్గని మాత్రం ఐదుతో మాన్పించి ఇంటి దగ్గరే చదివిస్తున్నాడు. ఎందుకో తెలిస్తే గానీ, ఆ హైస్కూల్లో సోషల్ చెప్పే వెంకటరాజు మాస్టారికి అన్నం సయించేలా లేదు.

"మీ బడి పడమటి ముఖం కదండీ. మా అమ్మాయి జాతకానికి తూర్పు కావాలండి," అన్నాడు మాస్టారితో. డ్రిల్లు మాస్టారితో, "మీరు పరుగెత్తిస్తారంట కదండీ. దానికి పరుగెత్తితే ఆకలేస్తుందండి," అన్నాడు. హెడ్మాస్టరు చంద్రరావుగారు రేవులో నిలబెట్టి అడిగితే, "తమరంటే భయమండి," అన్నాడు. చంద్రరావుగారు లోపల సంతోషించి ఇంకేం అడగలేదు.

పోనీ, చదువంటే గిట్టని మనిషా అంటే అదీ కాదు. పిల్లల దగ్గర రేవు డబ్బులు పుచ్చుకోడు. సాయంత్రం తిరుగు పడవలో పాఠం పుచ్చుకుంటాడు.

"ఏంట్రా హరిబాబూ, ఇవాళ లెక్కల్లో ఏం చెప్పారు?"

"మర్చిపోయాను బాబాయ్."

"అయితే డబ్బా అందుకో."

మర్చిపోయినవాడు ఒడ్డు చేరేదాకా పడవలోకి ఊరిన నీళ్లు తోడాలి. ఆ పడవ కారడం కూడా తక్కువేం కాదు. అందుకని లంక పిల్లలు క్లాసులో రెప్ప వెయ్యరు. అలా పోగైన పాఠాలు బుజ్జిబాబు ఇంటికెళ్లి లక్ష్మీదుర్గకి చెబుతాడు.

ఏడో తరగతి పరీక్షల ముందు చంద్రరావుగారు వెంకటరాజు మాస్టారిని లంకకి పంపారు. "ఆ పిల్ల పేరు ప్రైవేటుగా పంపుదాం. కానీ సెంటరు ఇక్కడే. వచ్చి రాస్తుందో లేదో తేల్చుకు రండి. రాయకపోతే దాని చదువు అంతటితో సరి."

మాస్టారు వెళ్లేసరికి లక్ష్మీదుర్గ ఒడ్డున, ఇసుకలోకి లాగేసిన పాత పడవలో కూర్చుని చదువుకుంటోంది. అడిగినవన్నీ చెప్పింది. తర్వాత తనే రెండు ప్రశ్నలు అడిగింది. మాస్టారికి ఒకటే వచ్చింది.

"రామ్మా, నన్ను నీళ్లదాకా దిగబెట్టు," అన్నారాయన లేస్తూ.

ఆ పిల్ల పడవ దిగి, తడి ఇసుక మొదలయ్యే చోట ఆగిపోయింది. పక్కనున్న తల్లి మరిడమ్మ పమిటచెంగుని పిల్ల పిడికిట్లో బిగించి పట్టుకుంది. మొహం పాలిపోయింది.

"దానికి ఎండ పడదండి," అన్నాడు బుజ్జిబాబు వెంటనే.

పొద్దు గూకుతోంది. మాస్టారికి అర్థమైంది. నడకతో పాటే ఈత నేర్చే ఇళ్లలో నీళ్లంటే భయపడే పిల్ల. సంగతి పొక్కితే లంకంతా కలిసి దానికో పేరు పెట్టేస్తుంది, ముసలిదయ్యేదాకా అదే పేరు. ఈ కారణాలు విని తండ్రికే పిచ్చని పేరొస్తే ఇక పిల్ల జోలికి ఎవరొస్తారు?

తల తిప్పి చూస్తే, పాత పడవ వెనక, బుజ్జిబాబు ఇంటి దడి దగ్గర్నుంచి ఇసుకలో పొడుగ్గా ఈడ్చిన జాడ.

"ఈ పడవ ఇదివరకు దడి దగ్గరుండేదా?"

"అవునండి. అక్కడ కోళ్ల గోలండి, చదువు సాగదు. అందుకని అప్పుడప్పుడూ కాస్త కిందికి జరుపుతుంటానండి."

మరిడమ్మ నవ్వు దాచుకుంది. లక్ష్మీదుర్గ అప్పటికే మళ్లీ పడవెక్కి పుస్తకం తెరిచింది.

"పరీక్షల నాటికి ఇది నీళ్లదాకా వస్తుందా?" అన్నారు మాస్టారు మెల్లగా.

బుజ్జిబాబు ఈసారి కారణం వెతుక్కోలేదు. "వస్తుందండి," అన్నాడు.

అవతలి రేవులో చంద్రరావుగారు కాచుకుని ఉన్నారు. "ఏంటంటాడండీ? ఎందుకు పంపడంట?"

"మన బెల్లు మోతకి ఆ పిల్లకి తలనొప్పి వస్తుందంటండి," అన్నారు మాస్టారు పడవ దిగుతూ.

"నేనంటే భయమన్నాడే?"

"ముఖ్యంగా అదేనంటండి. పరీక్షకి మాత్రం వస్తుంది. పేరు పంపండి."

చంద్రరావుగారు తృప్తిగా ముందు నడిచారు. బుజ్జిబాబు పడవ తోసే గెడ అందుకుని, మాస్టారి వైపు వంగి గొంతు తగ్గించాడు.

"బెల్లు సంగతి నాకు తట్టలేదండి. రేపు వాడుకుంటాను."