కప్పగల్లు బాలవాడిలో నాకు నాట్లు నేర్పిన పిల్లలు

గుంతకల్లు దగ్గర మా ఊళ్లో నేను టీచరుగా బాలవాడి తెరిచి అప్పటికి ఆరు నెలలైంది. మొదట్లో పధ్నాలుగు మంది పిల్లలు వచ్చేవారు. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. మూడేళ్లవాళ్లను వరుసగా కూర్చోబెట్టి, పలకలిచ్చి, కదిలితే బెత్తం చూపించాను. చివరికి నలుగురు మిగిలారు, వాళ్లూ ఏడుస్తూనే. "వచ్చే నెలకూ ఇంతే అయితే ఈ రూములో ఇత్తనాల మూటలు ఏయిస్తానమ్మా" అని పంచాయతీ ప్రెసిడెంటు చెప్పేశాడు. ఉద్యోగం పోతుందన్న భయం కంటే, పసిపిల్లలు నన్ను చూసి పారిపోతున్నారన్న సిగ్గే నన్ను ఎక్కువ తినేసింది. బళ్లారి పక్కన కప్పగల్లు బాలవాడిలో పిల్లలు సాయంత్రమైనా ఇంటికి పోమని మొరాయిస్తారని విని, చూసి రావడానికి బయలుదేరాను.

ఉదయం ఆరింటి ప్యాసింజరు ఎక్కితే ఎనిమిది దాటేసరికి బళ్లారి చేరతాం. మూడో తరగతి టికెట్టు రూపాయి లోపే. జట్కావాడు రెండు రూపాయలడిగి రూపాయిన్నరకు దిగాడు. సత్యనారాయణపేటలో గుర్రానికి నీళ్లు పెట్టి, ఊరు దాటించాడు. కాలువ కింద వరి మళ్లు చూసి మెట్ట ప్రాంతపు నా కళ్లు చల్లబడ్డాయి.

"మా పాప ఆ బాలవాడిలోనే ఉండాది తాయీ. సాయంత్రం పిలిస్తే రాదు, ఎత్తుకొని పోవాల" అన్నాడు.

"టీచరు కొడుతుందా అప్పా?"

"కొట్టేదా? యాకమ్మా, ఎందుకు కొట్టాల?" అని నన్ను వింతగా చూశాడు.

తొమ్మిదిన్నరకు చేరాను. టీచరు గౌరమ్మకు యాభై ఏళ్లుంటాయి. పెద్ద పిల్లలకు తలా ఐదు వేరుశనక్కాయలు పంచింది. ఒకటి, రెండు అని కొందరు, కన్నడంలో ఒందు, ఎరడు అని కొందరు లెక్కపెడుతూనే తినేశారు.

"అయ్యో, ఇక లెక్కలెలా చెబుతారండీ?" అన్నాను.

"తిననీలేమ్మా. పొట్టు యాడికి పోతాది?" అంది గౌరమ్మ. పిల్లలు రెండేసి పొట్టు చిప్పలు జతచేసి, తాము తిన్న కాయలెన్నో తప్పులేకుండా చెప్పారు.

తర్వాత పెరట్లో తడిపిన చిన్న మడిలో నాట్ల ఆట. నాట్లకు వెళ్లే తల్లులే మిగిలిన నారు ఇచ్చి పోతారట. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల పిల్లలూ, ఊరి పిల్లలూ కలిసి దిగారు. "నువ్వూ దిగమ్మా. ఈడ సూసేటోళ్లకు పనిలేదు" అంది గౌరమ్మ. మా మెట్టలో గొర్రుతో విత్తుతూ ముందుకే నడుస్తాం. నేనూ అలాగే నాటుతూ ముందుకు పోయాను. నాటిన నారంతా నా కాళ్ల కిందే నలిగింది.

"తొక్కేస్తున్నారండీ! వెనక్కి నడవాలండీ!" అంటూ నాలుగేళ్ల రత్తాలు నా కుచ్చిళ్లు పట్టి లాగింది. "యెనక్కి! యెనక్కి!" అని మిగతావాళ్లు కేకలు. వెనక్కి నడవబోయి బురదలో కూలబడ్డాను. ఎప్పుడూ వచ్చే కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఆరు నెలల్లో ఒక్క బిడ్డ కూడా ఎక్కని నా ఒళ్లో ముగ్గురు ఎక్కి కూర్చున్నారు. ఆ సంతోషం ఎలా చెప్పను!

పన్నెండింటికి పప్పన్నం తిని పిల్లలు నిద్రపోయారు. నాలుగున్నర ప్యాసింజరుకు నేను తిరిగొచ్చాను.

మర్నాడు బెత్తాన్ని పొయ్యిలో పెట్టాను. పుల్లలతో గొర్రు కట్టి, "ఎలా విత్తాలో నాకు నేర్పండి" అని ఆ నలుగురినీ అడిగాను. వాళ్లు నన్ను కసురుకుంటూ నేర్పుతుంటే వీధిలో పిల్లలు ఒక్కొక్కరే లోపలికొచ్చారు. పది రోజులకు పధ్నాలుగు మందీ తిరిగొచ్చారు. ప్రెసిడెంటు చూడ్డానికి వచ్చాడు. బొమ్మ గొర్రు పట్టుకున్న ఆయన మనవడే అడ్డొచ్చి, "తాతా, ఇత్తిన సాలు తొక్కద్దు!" అని అరిచాడు. పెద్దాయన ఒంటికాలి మీద ఆగిపోయి, "మరి యాడ పెట్టాల్రా కాలు?" అనడిగాడు. బాలవాడి నిలిచిందని నాకు అప్పుడే తెలిసింది.

నేర్పడానికి వచ్చినదాన్ననుకున్నాను, నేర్చుకునేదాన్నయ్యాకే పిల్లలు నా దగ్గర నిలిచారు. మీరూ వెళ్లాలనుకుంటే పదిలోపే చేరండి, పాత చీర కట్టుకోండి. నేను కట్టుకుపోయింది పెళ్లినాటి చీర. దాని బురద మరక ఇంకా పోలేదు, పోగొట్టాలని నేనూ చూడలేదు.