సూర్యుడు కుంగేలోపు

నల్లగండ్లలో పుట్టి పెరిగిన యశస్విని ఆరేళ్లు సరుకు ఓడల మీద ఆఫీసరుగా పనిచేసింది. పాప రసజ్ఞ పుట్టాక ఒడ్డుకొచ్చి మాదాపూర్‌లో ఒక షిప్పింగ్ కంపెనీ ఆఫీసులో చేరింది. కంపెనీ ఓడలు ఎక్కడెక్కడున్నాయో తెరల మీద కనిపెట్టుకుని ఉండడం ఆమె పని. భర్త ఓంకార్ మాత్రం ఇంకా సముద్రం మీదే ఉన్నాడు, అదే కంపెనీ ఓడలో సెకండాఫీసరుగా.

ఆ ఫిబ్రవరి సాయంత్రం ఓంకార్ ఓడ ఎర్రసముద్రంలో దక్షిణానికి వస్తోంది. తెర మీద దాని గుర్తు ఉన్నట్టుండి ఎగిరి, ఎడారిలోని ఒక విమానాశ్రయం మీద వాలింది. ఎవరో దొంగ సిగ్నళ్లు వదిలి జీపీఎస్‌ను ఏమారుస్తున్నారు. గుర్తు ఎగిరింది ఇప్పుడే. కానీ అంతకుముందు ఆ దొంగ సిగ్నల్ ఎన్ని గంటలుగా ఓడను కొద్దికొద్దిగా దారి తప్పిస్తూ వచ్చిందో! తూర్పున నీళ్లలో మునిగిన పగడపు దిబ్బలున్నాయి. రాడార్‌కు అవి చిక్కవు.

పై అధికారి కామేశ్వరరావు, ఒకప్పటి కెప్టెన్, ఓడకు శాటిలైట్ ఫోన్ కలిపించి స్పీకర్లో పెట్టాడు.

"వేగం తగ్గించారమ్మా. సెక్స్టెంట్‌తో సూర్యుణ్ణి కొలవమన్నాను. కొలిచేది మీవారే. ఇక్కడ లెక్క మీరు కట్టగలరా?"

"కడ్తనండి."

సెక్స్టెంట్ అంటే సూర్యుడు దిగంతానికి ఎంత ఎత్తులో ఉన్నాడో కొలిచే పరికరం. పడమటి సూర్యుడి ఎత్తు, కొలిచిన క్షణం తెలిస్తే చాలు, ఓడ తూర్పుకు ఎంత జరిగిందో తేలిపోతుంది.

"దుమ్ము మస్తున్నది," అన్నాడు ఓంకార్. "నీళ్లు యాడ ముగుస్తున్నయో కానొస్తలేదు."

"పైన నిలబడకు. కింది డెక్‌కు దిగు. హొరైజన్ దగ్గరికొస్తది, జర సాఫ్ కనిపిస్తది."

అతను దిగి వెళ్లాడు. ఫోన్‌లో ఇంజన్ హోరు తప్ప ఏమీ లేదు. కొంతసేపటికి రొప్పుతూ వచ్చి కోణం చెప్పాడు. అతను కొలిచిన క్షణాన, ఓడ నడిపే గది అయిన బ్రిడ్జిలో ఓడ కెప్టెన్ గడియారం చూసి టైం రాసుకున్నాడు. ఇక్కడా అక్కడా లెక్క ఒకేలా వచ్చింది. ఓడ సముద్రం నడుమ క్షేమంగా ఉంది.

"ఫికర్ లేదు ఇగ," అన్నాడు ఓంకార్. వెనక నుంచి వేగం పెంచమంటున్న కెప్టెన్ గొంతు వినిపించింది.

యశస్వినికి ఎందుకో మనసు ఒప్పలేదు. "ఆగుండ్రి! టైం ఏ గడియారంల చూసిండ్రు?"

"గీ బ్రిడ్జి మీది దాంట్లనే."

"దానికి టైం యాడికెల్లొస్తది?"

"జీపీఎస్ నుంచే."

ఆమె తన కంప్యూటర్లో సరైన టైం చూస్తూ "ఇప్పుడు!" అంది. ఓంకార్ ఓడ గడియారం చదివాడు. అది నలభై సెకన్లు ముందుంది. నాలుగు సెకన్ల తప్పుకు దాదాపు ఒక మైలు తేడా. ఆమె మళ్లీ లెక్క కట్టింది. ఓడ మొదటి లెక్క కంటే తొమ్మిది మైళ్లకు పైగా తూర్పున ఉంది. దిబ్బకు రెండు మైళ్ల దూరం కూడా లేదు.

కామేశ్వరరావు ఫోన్ లాక్కున్నాడు. "కెప్టెన్, పడమటికి తిప్పండి! వెంటనే!"

అంత పెద్ద ఓడ తిరగడానికి టైం పడుతుంది. యశస్విని కుర్చీ అంచు పట్టుకుని నిలబడింది.

"ఎడమ దిక్కు నురుగు కనిపిస్తున్నది," అన్నాడు ఓంకార్ మెల్లగా. "దిబ్బ మీద అలలు విరుగుతున్నయి. తిరుగుతున్నం... తిరిగినం."

కామేశ్వరరావు కూలబడ్డట్టు కూర్చున్నాడు. "మీరింక ఇంటికెళ్లండమ్మా."

"చుక్కలు పొడిచేదాంక ఉంటనండి. సూర్యుడొక్కనితోని ఓడ జాగ పూరా తెల్వదు." ఆమె తల్లి భూలక్ష్మికి ఫోన్ చేసి పాపకు అన్నం పెట్టమంది.

ఎర్రసముద్రం మీద పొద్దు కుంగాక ఓంకార్ మూడు చుక్కలను కొలిచాడు. ఒక్కో చుక్కకు ఒక్కటి చొప్పున ఆమె మ్యాపు మీద గీసిన మూడు గీతలు దిబ్బలకు దూరంగా, లోతు నీళ్లలో ఒకచోట కలిశాయి.

"యశూ," అన్నాడతను. అప్పటిదాకా ఆ పేరుతో పిలవలేదు. "పాప తిన్నదా?"

తిన్నదని చెప్పబోయి, యశస్విని చేత్తో నోరు మూసుకుని ఏడ్చేసింది.