నల్లబడని నెత్తురు

మా ఆయన పోయిన ఏడు ముసురు ఆగకుండా పట్టింది. తెల్లదొరల ఏలుబడి అది. మా మార్కాపురం వైపంతా అప్పుడు కర్నూలు జిల్లా కింద ఉండేది. నాకు అక్షరాలు సరిగ్గా రావు. నేను చెబుతుంటే రాస్తున్నారు. చెప్పింది చెప్పినట్టే రాయమన్నాను.

మావి గొర్రెలు. అప్పుడే పుట్టిన పిల్లలు చలివానకు చస్తాయని, మా ఆయన వాటిని తీసుకుని దొడ్డి పక్క గుడిసెలో పడుకున్నాడు. తడికల సందుల్లో గోనెలు కుక్కాడు. కుండపెంకులో తుమ్మబొగ్గులు రాజేశాడు. చలిగాలి చొరకపోతే పిల్లలు బతుకుతాయని మా ఇళ్లలో అందరం అనుకునే మాటే. తెల్లారి నేను అంబలి తీసుకుపోయి తడిక లాగాను. పిల్లలన్నీ ఆయన డొక్కకు ఆనుకుని పడి ఉన్నాయి. పిలిస్తే ఆయన లేవలేదు. మొహం మాత్రం పెళ్లిలో వసంతం నీళ్లు చల్లినట్టు ఎర్రగా ఉంది.

నా కేకకు అందరూ వచ్చారు. కాలం చేసిన మా మామకు అన్న, పెద్దమామ, ముందుకొచ్చి చూశాడు. మందలో ఏ జీవం కూలినా ఆయనే చెవి కోసి చూసేవాడు. నెత్తురు ఎర్రగా ఉంటే కూరకు, నల్లగా ఉంటే గుంటకు. ఆయన మాటకు తిరుగులేదు.

“ఏడవబాక,” అన్నాడు నాతో. “చచ్చిన జీవం నల్లబడతాది. ఎర్రటి పీనుగను నేను యాడా చూల్లేదు. ఆ గోళ్లు చూడు, పెండ్లికొడుకు గోళ్ల మాదిరి లేవూ? వీనికి మూర్ఛ వచ్చింది, అంతే.”

“ఒళ్లు చల్లగుండాది మామా.”

“ముసురులో చల్లగుండక కాలతాదా?”

నమ్మాను. నమ్మక ఏం చేస్తాను? అరికాళ్లకు శొంఠిపొడి రుద్దుతూ కూర్చున్నాను. మరిది డాక్టరు కోసం బండి కట్టుకుని మార్కాపురం పోయాడు. ఏడుపు అందుకున్న ఆడవాళ్లను పెద్దమామ కసిరి నోరు మూయించాడు. పొద్దెక్కింది. నీళ్లు పోద్దామంటే ఆయన పళ్లు విడలేదు.

అప్పుడు పెద్దమామ మా ఆయన డొక్క పక్కన పడున్న ఒక గొర్రెపిల్లను లాగి కత్తి తీశాడు.

మా అత్త మండిపడింది. “నా కొడుకు పడుంటే నీకు కూర యావ పుట్టిందా బావా?”

“కూరకు కాదే, సాక్ష్యానికి.”

తొడ కోశాడు. నెత్తురు ఎర్రగా ఉంది. లోపలి కండ కూడా మోదుగుపువ్వంత ఎర్రగా ఉంది. “చూడండి, కండ కూడా చావలే!” అన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేను దాని కాళ్లు చూశాను. కట్టెపుల్లల్లా బిగుసుకుపోయాయి. కంటిమీద చీమ పాకుతుంటే రెప్ప కదలలేదు. అది చచ్చింది. చచ్చీ ఎర్రగానే ఉంది. నా చేయి ఆయన అరికాలిమీద ఆగిపోయింది.

మధ్యాహ్నానికి డాక్టరు వచ్చాడు. గుండెమీద గొట్టం పెట్టి చూసి, గుడిసెలో బూడిద చూసి, తల అడ్డంగా ఊపాడు.

“బొగ్గులు మూసిన చోట మండితే వాసన లేని గాలి ఒకటి పుడుతుందమ్మా. మనం పీల్చే గాలిని నెత్తురు ఒళ్లంతా మోస్తుంది. ఈ చెడ్డగాలి నెత్తుట్లో దాని చోటు ఆక్రమించుకుంటుంది, ఒక పట్టాన వదలదు. ఇక మంచిగాలికి చోటేది? అది పట్టిన నెత్తురు నల్లబడదు. కండలోనూ అంతే.”

“అయితే నా కండ్లు తప్పు చూసినాయా?” అన్నాడు పెద్దమామ.

“ఎర్రగా ఉన్నది నిజమే పెద్దాయనా. ప్రాణం లేనిదీ నిజమే.”

పొద్దు వాలకముందే గుంట తీశారు. ఆడవాళ్లు రాకూడదన్నా నేను పోయాను. గొంగళిలోంచి కనిపిస్తున్న మొహం ఇంకా అట్లాగే ఉంది. మొదటి మన్ను పెద్దమామ వేయాలి. పిడికిట్లో మన్ను పట్టుకుని ఆ మొహాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఎంతకూ వేయడు. అందరూ నా వైపు చూశారు.

“వెయ్యి మామా,” అన్నాను. “మళ్లీ వాన పడతాంది.”

వేశాడు.