మావయ్య ఫోన్లో ఎదటి పార్టీ పాట

ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్రతివాడూ కొన్నాళ్ళపాటు ఆ కంపెనీ తనదే అనుకుంటాడు. నేనూ అనుకున్నాను. డిగ్రీ అయ్యాక, రోజూ పొద్దున్నే అనకాపల్లిలో రైలెక్కి విశాఖపట్నం వెళ్ళి, ఒక పెద్ద సెల్‌ఫోన్ కంపెనీ కస్టమర్ కేర్‌లో చెవులకి హెడ్‌సెట్టు తగిలించుకుని కూర్చునే ఆ రోజుల్లో, రాష్ట్రంలో సిగ్నళ్ళన్నీ నా చేతిమీదుగానే పోతున్నట్టు నడిచేవాణ్ణి. మెడలో ఐడీ కార్డు రైల్లో కూడా తీసేవాణ్ణి కాదు. (పడుకునేటప్పుడు మాత్రం తీసేవాణ్ణి. అమ్మ ఒప్పుకోలేదు.) నిజానికి నాకున్న అధికారమల్లా, అవతలి మనిషికి కోపం వచ్చినప్పుడు "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము" అనడమే. ట్రైనింగులో మా యాసంతా దులిపేసేరు. "వత్తాది" అనకూడదు, "వస్తుంది" అనాలి. "ఏటి" అన్న మాట ఆ బిల్డింగు మెట్లు ఎక్కకూడదు. ఆఖరికి నా పేరు కూడా ఫోన్లో పలకడానికి పొడుగైపోయిందని టీమ్ లీడరు దాన్ని తీసేసి "కిరణ్" అని పెట్టేడు. అలా పగలంతా కిరణ్‌గా బతికి, సాయంత్రం రైలు దిగేసరికి నేనైపోయేవాణ్ణి.

మా అమ్మకి తమ్ముడు, అంటే మా మావయ్య, కోటవురట్ల వైపు ఒక ఊళ్ళో చెరకు పండిస్తాడు. ఆ ఊళ్ళో ఏ కమిటీ వేసినా అందులో ఆయన పేరుంటుంది కాబట్టి అందరూ "కమిటీ మావ" అంటారు. ఆ ఏడాది పంచాయతీ ఎన్నికలొస్తే సర్పంచి పదవికి నిలబడ్డాడు. ఎదటి మనిషి ఎవరో కాదు, వరసకి ఆయన బావే. ఊరంతా తిరిగే బండిని బట్టి ఆయన్ని "బుల్లెట్ బావ" అనేవారు. (పంచాయతీ ఎన్నికల్లో పార్టీల గుర్తులుండవు. పార్టీలు మాత్రం ఉంటాయి.) ఇద్దరూ పొద్దున్న ఒకరినొకరు తిట్టుకుని, సాయంత్రం ఒకే బడ్డీ దగ్గర టీ తాగే రకం.

ప్రచారం మంచి ఊపులో ఉండగా ఒకరోజు అత్తయ్య, అంటే మావయ్య భార్య, పొలంలో ఉన్న ఆయనకి భోజనం సంగతి అడుగుదామని ఫోన్ చేసింది. "ట్రింగ్ ట్రింగ్" బదులు డప్పులతో సహా బుల్లెట్ బావ పార్టీ పాట వినిపించింది. ఆవిడ అరవలేదు, గోల పెట్టలేదు. మావయ్య ఇంటికొచ్చేక కంచం ముందు పెట్టి, పార్టీ మారేవాడు ఇంట్లో ఒక ముక్క చెప్పి మారాలి కదా అని మాత్రం అందట. మావయ్యకి ఏమీ అర్థం కాలేదు. ఆవిడ ఫోన్ తీసుకుని తన నంబరుకి తనే చేసుకుని, పాట మొదటినుంచి చివరిదాకా విన్నాడు. తన ఫోన్లో ఏం మోగుతోందో ఊరందరికీ తెలుసు, ఒక్క తనకి తప్ప. విన్నాక, పాట బాగానే ఉందనీ, తన బాధ కూడా అదేననీ అన్నాడట.

తీరా ఆరా తీస్తే జరిగింది ఇదీ. ఒకే వీధిలో ఒకే సమయానికి రెండు ఊరేగింపులు వద్దని మాట్లాడడానికి మావయ్య బుల్లెట్ బావకి ఫోన్ చేసేడు. అటువైపు పాట మోగుతుండగా మధ్యలో ఒక అమ్మాయి గొంతు, ఈ పాట మీకూ కావాలంటే స్టార్ నొక్కండి అంది. "మర్యాదగా అడిగింది కదాని నొక్కేను," అన్నాడు మావయ్య నాతో. ఆ మర్యాద ఖరీదు రెండోనాటికి తెలిసింది. కమిటీ మావ లోపాయికారీగా కలిసిపోయేడనీ, ఇంక ఆయనకి ఓటెందుకనీ ఊళ్ళో పుకారు పుట్టింది. ఆయన తరపున తిరుగుతున్న కుర్రాళ్ళు కూడా మొహం మొహం చూసుకోవడం మొదలెట్టేరు.

అప్పుడు అందరికీ నేను గుర్తొచ్చేను. మనోడు కంపెనీలోనే ఉన్నాడు కదా అన్నారు. నేను కూడా కాలరు సర్దుకుని, రేపటికల్లా పోతుందని మాటిచ్చేసేను. మర్నాడు టీమ్ లీడర్ని అడిగితే, ఆ నంబరు ఉన్న కస్టమరే ఫోన్ చేసి అడగాలనీ, బంధువుల నంబర్లు మనం ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుందనీ తాపీగా చెప్పేడు. అప్పటికి నేనింకా పర్మినెంటు కాలేదు. మావయ్యకి ఫోన్ చేసి, నువ్వే కస్టమర్ కేర్‌కి చెయ్యి అని చెప్పి చల్లగా తప్పుకున్నాను.

ఆయన చేసేడు. ముందు మిషను పలికింది. మీ సమస్యను తెలుగులో చెప్పండి అంది. "పాట తీసీయండి" అన్నాడు మావయ్య. మిషనుకి పాట ఒక్కటే అర్థమై, ఈ వారం అందరూ మెచ్చిన పాటలు ఒక్కొక్కటే వినిపించడం మొదలెట్టింది. ఆయన మళ్ళీ చేసేడు, అది మళ్ళీ పాడింది. పొద్దుటి ప్రచారమంతా అలా మిషనుతోనే అయిపోయింది. మధ్యాహ్నానికి ఎలాగో ఒక మనిషి దగ్గరికి చేరేడు. అంతమంది కూర్చునే హాల్లో ఆ మనిషి నేనే అవుతానని ఎవరనుకుంటారు?

"నమస్కారం, నా పేరు కిరణ్. మీకు ఏ విధంగా సహాయపడగలను?" అన్నాను.

అవతల గొంతు సవరించుకున్న చప్పుడుకే మావయ్యని పోల్చేసేను. "బాబూ, నా ఫోన్లో పాట తీసీయాలి. నేను ఎలచ్చన్లో నిలబడ్డాను. పాడతన్నది అవతలోడి పాట."

రూలు ప్రకారం నేను కాల్ వేరేవాళ్ళకి మళ్ళించాలి. మళ్ళిస్తే ఆయన మళ్ళీ ఆ పాడే మిషను చేతిలో పడతాడు. గొంతు బొంగురు చేసుకుని, పుస్తకాల తెలుగులోకి దిగిపోయి, భద్రత కోసం పుట్టినతేదీ చెప్పమన్నాను. అసలుది చెప్పాలా, ఆధార్లోది చెప్పాలా అని అడిగేడు. నవ్వాపుకోడానికి మ్యూట్ నొక్కాల్సొచ్చింది. కంప్యూటరు స్క్రీన్ మీద చక్రం తిరుగుతోంది. ఆ ఖాళీలో మావయ్య, ఈ మాటలన్నీ రికార్డవుతాయని ఇందాక ఒకమ్మాయి చెప్పింది, నిజమేనా అన్నాడు. నాణ్యత కోసం రికార్డు చేస్తామండి అన్నాను.

"అయితే ఇదీ రికార్డు సెయ్యండి. మా మేనల్లుడు మీ కంపెనీలోనే సేత్తన్నాడు." ఇంటిపేరుతో సహా నా అసలు పేరు చెప్పేడు. "రైలు కిక్కిరిసినా మానడు. మొన్న జొరంతో కూడా ఎల్లేడు. ఇంట్లో ఒక్కనాడు కంపెనీని మాట అన్లేదు. అలాంటోడు మీకు దొరకడు. పర్మినెంటు సేసీయండి."

నా నోట వచ్చినవి కంపెనీ నేర్పిన మాటలే. "మీ సూచనకు ధన్యవాదాలు. మీకు ఇంకేమైనా సహాయం కావాలా?"

అభ్యర్థన నమోదైంది. నమోదైందంటే అయిపోయిందని కాదు. పాట పోలింగు రోజుదాకా మోగుతూనే ఉంది. అయితే ఈలోగా ఊళ్ళో ఒక విచిత్రం జరిగింది. ఆ పాట వినడానికే జనం మావయ్యకి ఫోన్ చెయ్యడం మొదలెట్టేరు. బుల్లెట్ బావ మనుషులు కూడా చేసేరు. ఆయన విసుక్కోకుండా ప్రతి ఒక్కరికీ స్టార్ కథ చెప్పి, ఎలాగూ చేసేవు కదాని వాళ్ళ వీధి కాలవ గురించీ, దీపాల గురించీ అడిగేవాడు. ఇంటింటికీ తిరిగినా దొరకనంత తీరిగ్గా మనుషులు దొరికేరు. ఆఖరికి కొద్దిపాటి ఓట్లతో నెగ్గేడు. దండ పట్టుకొచ్చిన బుల్లెట్ బావ, మా పార్టీ పాటతో నెగ్గేవు బావా అని నిష్ఠూరమాడితే, నీ పాట ఉన్నా నెగ్గేనని మావయ్య అన్నాడు. ఆ తగువు ఇప్పటికీ తెగలేదు.

ఆ సాయంత్రం సందడి కాస్త తగ్గేక నన్ను పక్కకి పిలిచి, చేతిలో లడ్డూ పెట్టేడు. "ఆ రోజు ఫోనెత్తింది నువ్వేనని తెలుసురా. సిన్నప్పుడు అబద్ధం ఆడినప్పుడూ ఇలాగే గొంతు బొంగురు సేసేవోడివి."

తెలిసీ అదంతా ఎందుకు చెప్పేవని అడిగేను.

"రికార్డవుతాదన్నావు కదా. మీ పెద్దోళ్ళు ఇంటారని సెప్పేను," అన్నాడు.

పెద్దవాళ్ళు విన్నారు కూడా. కాల్స్ నాణ్యత చూసేవాళ్ళు సరిగ్గా ఆ కాల్‌నే తీసి, కస్టమరు అనవసర విషయాలు మాట్లాడుతుంటే కిరణ్ ఆపలేదని మార్కులు కోసేరు. (ఆయన పొగిడిన మేనల్లుడూ కిరణూ ఒకరేనని వాళ్ళకి తట్టలేదు. అదొక్కటే నా అదృష్టం.) ఆ ఉద్యోగం మానేసి చాలా కాలమైంది. అప్పుడప్పుడు ఆ కుర్రాడు నాకు గుర్తొస్తాడు. మెడలో కార్డు, చెవులకి హెడ్‌సెట్టు, గొంతు బొంగురు చేసుకుని తన పొగడ్త తానే వింటూ, ఎవరిదో అన్నట్టు నోట్ చేసుకుంటూ ఉంటాడు. వాడి అమాయకత్వానికి నవ్వొస్తుంది. మార్కులు పోతే పోయేయిగాని, ఆ ఒక్క కాల్ వాడు ఆపకుండా విన్నాడు. మంచిపనే చేసేడు.