మెత్తటి తారు

కార్లు కడిగే షెడ్డులో ఆమెను అందరూ ఓపికమ్మ అనే పిలుస్తారు. అసలు పేరు జీతమిచ్చే ఓనరుకైనా గుర్తుందో లేదో. తారు మరకల కారుతో ఎవరొచ్చినా ఆమె అనే మొదటి మాట, "కాస్త ఓపిక పట్టండి." ఆ మాటే పేరై కూర్చుంది.

తారు వదిలించడానికి ఆమె పద్ధతి ఒక్కటే. ముందు నీళ్లు కొట్టి ఇసుక పోగొట్టాలి. కిరసనాయిల్లో తడిపిన మెత్తటి గుడ్డను మరక మీద పరిచి, చేతులు కట్టుకుని కూర్చోవాలి. గోకకూడదు, గీకకూడదు. ఎంత మొండి తారైనా కాసేపటికి తనంతట తాను కరిగి గోధుమరంగు నీరై జారుతుంది. అప్పుడు ఒక్క తుడుపు తుడిచి, వెంటనే సబ్బుతో కడిగేయాలి. లేకపోతే కిరసనాయిలు కారు మెరుపును తినేస్తుంది. అన్నిట్లోకీ కష్టం చేతులు కట్టుకుని కూర్చోవడమే. మొన్నామధ్య ఒక పెద్దమనిషి ఆగలేక తాళంచెవితో గీకి, తారుతో పాటు రంగూ ఊడగొట్టుకుని, షెడ్డులో అందరి మీదా ఎగిరిపడ్డాడు.

ఓపికమ్మకు మాత్రం ఈ ఓపిక పుట్టుకతో వచ్చిందా ఏమన్నా! మొగుడు నేర్పాడు, దూరంగా ఉండి. అతను రోడ్లు వేసేవాళ్లతో రోలరు తోలుతాడు. రోడ్డు ఎక్కడుంటే అతని మకాం అక్కడ. ఈమె ఇక్కడ, ఒంటి గదిలో. గోడకు రెండు మేకులున్నాయి. ఒకదానికి ఆమె బట్టలు వేలాడుతుంటాయి. రెండోదానికి ఏమీ ఉండదు.

పని దిగాక అతను ఫోను చేస్తాడు.

"ఎక్కడిదాకా వచ్చావు?"

"దగ్గర్లోనే."

ఎప్పుడడిగినా దగ్గర్లోనే. నాలుగు మాటలయ్యేసరికి ఊ కొట్టడం కాస్తా గురకలోకి దిగుతుంది. గురక మొదలైనా ఆమె ఫోను పెట్టేయదు. కాసేపు విని, అప్పుడు నిద్రపోతుంది.

ఈసారి మాత్రం అతను మాటిచ్చాడు. "రోడ్డు మన ఊరి వంతెన దాకా వచ్చాక ఒక రాత్రి ఇంటికొస్తానే. ఖాయం." ఆ ఒక్క రాత్రి కోసం ఆమె ప్రాణం కొట్టుకుపోయింది. అతని "దగ్గర్లోనే"ను నమ్మడం మానేసి తారును నమ్మడం మొదలుపెట్టింది. అతను వేసే రోడ్డు మీదుగా వచ్చిన కార్ల మీద తారు దారిలోనే గట్టిపడి రాయిలా ఉంటే మనిషి దూరంగా ఉన్నట్టు. పైన పొర కట్టి లోపల మెత్తగా ఉంటే కాస్త ఇటు జరిగినట్టు. నొక్కితే వేలిముద్ర పడిందా, ఇక వచ్చేసినట్టే. మనిషి అబద్ధమాడతాడేమో కానీ తారుకి ఆ తెలివి లేదు.

"రోజురోజుకీ మెత్తబడుతోందండీ," అంది ఒకనాడు ఓనరుతో, ముఖమంతా నవ్వు చేసుకుని.

"మంచిదేగా, కిరసనాయిలు కలిసొస్తుంది," అన్నాడాయన. పాపం, ఆయన గోల ఆయనది.

ఒక ఉదయం తెల్ల కారొకటి వచ్చింది. చక్రాల పక్కన మరక మీద ఆమె వేలు పెట్టి నొక్కింది. ముద్ర పడింది.

"ఎక్కడంటుకుంది సార్?"

"వంతెన దగ్గరమ్మా. ఇవాళ్టితో అక్కడ పనైపోతుందట, సామాన్లు సర్దుకుంటున్నారు."

ఆఖరి రోజైతే రాత్రికి రావాలి కదా. మరి నిన్న ఫోన్లో ఒక్క ముక్కా అనలేదేం? పరుగెత్తిపోవాలనిపించింది. కానీ అప్పటికే మరకల మీద గుడ్డలు పరిచేసింది, వదిలేసి పోతే బండి పాడవుతుంది. కాలుగాలిన పిల్లిలా కారు చుట్టూ తిరిగింది. తన పద్ధతి మీద తనకే అంత ఒళ్లుమండింది ఆ ఒక్కరోజే. చివరికి తుడిచి, కడిగి, ఓనరు ముందుకెళ్లి నిలబడింది.

"మా ఆయన వంతెన దగ్గరున్నాడండీ."

"మరి ఇంకా ఇక్కడే ఉన్నావేం?"

ఆమె వెళ్లేసరికి పనివాళ్లు అన్నాలు తిని నడుం వాల్చారు. అతను రోలరు నీడలో వెల్లకిలా పడి నిద్రపోతున్నాడు. చిక్కిపోయాడు. రెండు చేతులూ మోచేతుల దాకా తారు. ఆమె లేపలేదు. ఎందుకైనా మంచిదని కొన్నాళ్లుగా సంచిలో వేసుకు తిరుగుతున్న వంటనూనె సీసా తీసి, గుడ్డ తడిపి, కుడి చేతికి చుట్టి పక్కనే కూర్చుంది. నానాక మెల్లగా తుడిచింది. తుడిచినకొద్దీ ఆమెకు తెలిసిన చేయి బయటపడింది.

అతను కళ్లు తెరిచాడు. "ఎప్పుడొచ్చావే? లేపొచ్చుగా!"

"కదలకు, ఇంకా ఉంది."

అతను నవ్వబోయి ఆగిపోయాడు. "సాయంత్రమే రోలరును లారీ ఎక్కిస్తారట. కొత్త రోడ్డు ఒప్పుకున్నారు. చాలా దూరం. నిన్న ఫోన్లో చెబుదామనే..."

"నిద్రపోయావు."

"నిద్రపోయా."

"ఒక్క రాత్రయ్యా," అంది ఆమె. "ఒక్కటే కదా అడిగాను."

అతను నోరు తెరిచేలోపు తారు లారీ హారన్ కొట్టింది. వేడి చల్లారకముందే రోలరు తొక్కించాలి. ఆమె తారుకు ఎంత ఓపిక కావాలో అతని తారుకు అంత తొందర. అతను లేచి, నల్లగా ఉన్న ఎడమ చేయి చూపించాడు.

"మరి ఇది?"

"ఇంటికొచ్చాక," అంది.

అతను రోలరెక్కాడు. కుడి చేతిని దేనికీ తగలనివ్వకుండా ఒళ్లో పెట్టుకుని, ఎడం చేత్తోనే స్టీరింగు తిప్పుకుంటూ వెళ్లాడు. ఆమె రోడ్డు పక్కన నిలబడి అతను కనిపించినంతసేపూ ఆ చేతినే చూసింది.

తర్వాత కొన్నాళ్లకు కొత్త రోడ్డు మీదుగా ఒక కారొచ్చింది. ఆమె మరక నొక్కి చూసింది. రాయి. రెండు చోట్ల నొక్కింది, రెండూ రాళ్లే.

ఆ రోజు ఫోనొచ్చినప్పుడు అలవాటుగా అడిగింది.

"ఎక్కడున్నావు?"

"దగ్గర్లోనే."

ఆమె కాదనలేదు. "చేయెలా ఉంది?" అంది.

"ఏ చేయి?"

"నేను తుడిచింది."

"అదీ నల్లబడిపోయిందే," అన్నాడు.

ఆమె గురక కోసం ఎదురుచూసింది. ఎంతసేపటికీ రాలేదు. అతనూ మేలుకునే ఉన్నాడు.