నాలుగింటికే మూసే గేటు: దేవరుప్పుల నుంచి భూపాలపల్లికి ఒక్క వోటు కోసం

నా పేరు కొమురమ్మ. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మా కోడలు స్వరూప రాసింది. నా యాసను కొంచెం దిద్దింది కానీ మాటను నేను మార్చనివ్వలేదు. తన ప్రయాణాలన్నీ ఈ బ్లాగులో రాసుకునే పిల్ల, ఈసారి నా ప్రయాణం రాయమంటే నవ్వింది. ఇది నవ్వే సంగతి కాదు. ఊరొకచోట, వోటొకచోట ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసం చెబుతున్నాను.

మా ఆయన భూపాలపల్లి బొగ్గు బాయిలో పనిచేసేవాడు. మా సంసారమంతా అక్కడి కార్మికుల క్వార్టర్లలోనే గడిచింది. ఆయన పోయాక క్వార్టర్ అప్పజెప్పి, దేవరుప్పుల దగ్గర మా కొడుకు ఊరికి వచ్చేశాను. వోటును ఇక్కడికి మార్చమని పెట్టిన దరఖాస్తు ఇంకా తేలలేదు. ఇంతలో ఎంపీ ఎలక్షన్ వచ్చింది. మా కొడుకు ఆ ముందురోజు అన్నం తింటూ, "అవ్వా, ఇంత ఎండల ఒక్క వోటుకు మూడు జిల్లాలు తిరుగుతవా? నువ్వు ఎయ్యకపోతే ఏమైతది" అన్నాడు. వాడు మామూలుగానే అన్నాడు, నాకు మాత్రం ఆ మాట ముల్లులా దిగింది. నువ్వు ఎయ్యకపోతే ఏమైతది అని అడిగినవాళ్ళు, రేపు నువ్వు లేకపోతే ఏమైతది అని కూడా అడుగుతారు. పెళ్ళయినప్పటి నుంచి ఒక్క వోటు కూడా తప్పలేదు నాకు. పోతానన్నాను.

పొద్దున ఏడింటికి చేతికర్ర పట్టుకొని షేర్ ఆటోలో పాలకుర్తి చేరాను, నలభై రూపాయలు తీసుకున్నాడు. మా ఊరి నుంచి నేరుగా పోయేదైతే జనగామ, హనుమకొండ, పరకాల మీదుగా పోవాలి. నేను మాత్రం తొర్రూరు పోయి, అక్కడ మానుకోట బస్సెక్కాను. మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం. అక్కడికి ఎందుకంటే నా వోటరు కార్డు మా చెల్లె యాకమ్మ ఇంట్లో ఉంది. చలికాలంలో అక్కడి దవాఖానలో చూపించుకున్నప్పుడు మరిచి వచ్చాను. ఆధార్ కార్డు రవికలోనే ఉంది, అది చూపిస్తేనే కదా ఆడవాళ్ళకు బస్సులో జీరో టికెట్ ఇచ్చేది. కానీ వోటుకు వోటరు కార్డే ఉండాలని నా నమ్మకం. ఆ నమ్మకం నన్ను ఎంత తిప్పలు పెట్టిందో చివర చెబుతాను.

తొర్రూరులో బస్సు కోసం గంటకు పైనే కూర్చోవలసి వచ్చింది. బస్సులను ఎలక్షన్ డ్యూటీకి పంపారట. టికెట్ ఫ్రీ చేశారు, మంచిదే, ముందు బస్సు రావాలి కదా. పేపర్ నిండా ఫోటోలు వేసుకునే డబ్బుతో ఇంకో రెండు బస్సులు కొనరాదా అని పక్కనున్న ఆమెతో అంటే, "మనను అడిగి ఖర్చు పెడుతరా అవ్వా" అంది. అడగరు. మనను అడిగేది వోటు రోజు ఒక్కటే, అందుకే నేను పోతున్నాను అని చెప్పాను.

మానుకోటలో దిగేసరికి పదకొండు దాటింది. యాకమ్మ పొద్దున్నే వోటేసి, సిరా పెట్టిన వేలు చూపిస్తూ వాకిట్లోనే నిలబడింది.

"ఏందక్కా, నీ వేలు ఇంకా తెల్లగనే ఉన్నది?"

"నవ్వకు. కార్డియ్యి, పోవాలె."

"తిని పో. మాకు ఆరింటిదాకా ఉన్నది, నీకు మాత్రం ఉండదా?"

ఆ మాట నేను నమ్మాను. నమ్మకపోవడానికి కారణమేముంది. భూపాలపల్లిలో ఉన్నన్నాళ్ళూ మా ఆయన రాత్రి డ్యూటీ దిగి రాగానే, పొద్దున్నే అందరికంటే ముందు పోయి వేసి వచ్చేవాళ్ళం. ఎప్పుడు మూస్తారో తెలుసుకోవాల్సిన పని ఎన్నడూ పడలేదు. చెల్లె పెట్టిన పచ్చిపులుసు అన్నం తింటూ, ఏ లీడర్ ఏమన్నాడో మాట్లాడుకున్నాం. "ఓట్లప్పుడు అవ్వా అంటరు, గెలిచినంక కారు అద్దం దించరు" అంది యాకమ్మ. అద్దం దించిన ఒక్కడి పేరు చెప్పమన్నాను. నవ్వుకున్నాం. ఆ నవ్వుకున్నంతసేపూ టైం పోయింది.

గూడూరు మీదుగా నర్సంపేట, అక్కడ భూపాలపల్లి డిపో బస్సు. నేను బోర్డులు చదవలేను కాబట్టి ఎక్కేముందు డ్రైవర్‌నే అడుగుతాను, ఇప్పటిదాకా తప్పుడు బస్సు ఎక్కింది లేదు. బస్సు నిండా ఆడవాళ్ళే. మిరప ఏరడానికి పోయి వస్తున్న కూలీలు, సంకలో పిల్లలతో తల్లులు. మగవాళ్ళు కడ్డీలు పట్టుకొని వేలాడుతున్నారు. వాళ్ళలో ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన నా సీటు పక్కనే నిలబడి గొణుగుతున్నాడు. పేరు సదానందం, నర్సంపేటలో ఎరువుల దుకాణం అని తర్వాత తెలిసింది.

"టికెట్ పైసలిచ్చి మేము నిలబడాలె, ఫ్రీగ ఎక్కి వీళ్ళు కూసోవాలె. మా టాక్సులన్నీ గీ బస్సుల్లనే పోతున్నయి" అన్నాడు.

వెనక నుంచి ఒక కూలీ ఆమె, "కూలికొచ్చినదాంట్ల కొంత బస్సుకే పోయేది. ఇప్పుడు పిల్లలకు పాలు కొంటున్న. నీకెందుకే మంట" అంది.

"మంట కాదమ్మా, న్యాయం. సర్కారు సొమ్ము ఉత్తగ తినేటోళ్ళకు వోటే ఉండొద్దు. తీసుకునేటోడే వోటేస్తే, ఇచ్చేటోడినే గెలిపిస్తడు. గట్ల ఒక రూలు పెట్టాలె."

నేనిక ఆగలేకపోయాను. "బిడ్డా, నువ్వేం పని చేస్తవ్?"

"ఎరువుల దుకాణం."

"సర్కారు పైసలు కలవకపోతే నీ యూరియా బస్తా ఎవడు కొంటడు? నేను సబ్బు కొన్నా పన్నే, చెప్పులు కొన్నా పన్నే. నువ్వు బిల్లు రాయకుండ అమ్మిన బస్తాకు పన్ను ఎవరు కట్టిన్రు?"

బస్సంతా నవ్వింది. ఆయన మొహం ఎర్రబడింది. "ముసలమ్మా, నీకు నోరు బాగనే ఉన్నది. ఏడికి పోతున్నవ్ గింత ఎండల?"

"నువ్వు ఉండొద్దన్న వోటు ఎయ్యడానికే. భూపాలపల్లికి."

అప్పుడు టికెట్లు కొడుతున్న కండక్టరమ్మ ఆగి నా వైపు చూసింది. "అవ్వా, అక్కడ నాలుగింటికే బంద్. అడవి పక్క, నక్సలైట్ల భయం అని ముందే మూస్తరు. ఎయ్యకుండనే వెనక్కి మర్లబడి పోతవా ఏంది?"

సదానందం మాత్రం, "పేపర్ల ఆరింటిదాకా అని రాసిన్రు గద" అన్నాడు. అంటూనే జేబులోంచి ఫోన్ తీసి ఎవరికో కొట్టాడు. మాట్లాడుతున్నంతసేపూ ఆయన మొహమే చూశాను. ఫోన్ పెట్టేసి మెల్లగా అన్నాడు, "నాలుగేనట. నాది గూడ ఆడనే ఉన్నది వోటు."

అప్పటికి మల్లంపల్లి కూడా రాలేదు. రెండున్నర దాటింది.

అక్కడి నుంచి ఆ బస్సులో నేను పడ్డ బాధ పగవాళ్ళకు కూడా వద్దు. చెయ్యెత్తిన ప్రతి ఆడమనిషికీ బస్సు ఆగుతోంది. అంతకుముందే ఫ్రీ బస్సు కోసం కొట్లాడిన నేను, ములుగు దాటేసరికి ఎవరూ ఎక్కకపోతే బాగుండని మొక్కుకున్నాను. గంపతో ఒక ముసలామె మెల్లగా మెట్లెక్కుతుంటే లోపల్లోపల తిట్టుకున్నాను. ఆమెది కూడా నా వయసే. ఘనపురం దాటాక బొగ్గు లారీల వెనక పడ్డాం. లోపలంతా నల్లదుమ్ము. ఎంతైంది బిడ్డా అని సదానందాన్ని అడిగాను. చెప్పాడు. కాసేపటికి మళ్ళీ అడిగాను.

"అవ్వా, నువ్వు అడిగితే టైం ఆగదు."

"నువ్వు చెప్పినా ఆగుత లేదు గద. జర చెప్పు."

కూలీ ఆమె దిగిపోతే ఆ సీటు ఖాళీ అయింది. కూసో అన్నాను. కూర్చోలేదు. నాలాగే ఆయన కూడా కిటికీలోంచి రోడ్డునే చూస్తున్నాడు.

భూపాలపల్లిలో దిగేసరికి నాలుగు కావడానికి పది నిమిషాలే ఉంది. స్టాండులో ఒక్కటే ఆటో. అదృష్టం, అది జానీమియాది. మా కాలనీ పిల్లలను బడికి తిప్పినవాడే. సదానందం వోటు కూడా మా కాలనీ బడిలోనేనట, ఇద్దరం ఎక్కాం. కాలనీ బడి దగ్గరికి ఎనభై అన్నాడు. సదానందం ఇస్తానంటే ఒప్పుకోలేదు, నా నలభై నేనే ఇచ్చాను.

"ఇయ్యాల గూడ పైసలు తీసుకుంటవా జానీ?"

"నా ఆటోల ఫ్రీ లేదవ్వా, సర్కారు నాకింక చెప్పలే. ఫ్రీ బస్సొచ్చినంక ఆడోళ్ళు నా దిక్కే చూస్త లేరు. పరేషాన్ల ఉన్న. ఆటో కిస్తీ ఎట్ల కట్టాలె చెప్పు."

బస్సులో ఫ్రీ కోసం అంత నోరు చేసుకున్న నేను, ముందు బడికి పోనియ్యి బిడ్డా అని మాత్రం అన్నాను. గట్టిగా పట్టుకో అవ్వా అంటూ గుంతలన్నీ దాటించాడు.

బడి గేటు దగ్గర పోలీసాయన అప్పటికే ఇనుప రెక్క లాగుతున్నాడు. నేను ఎట్లా దిగానో, ఎట్లా నడిచానో నాకు తెలియదు. లోపల అడుగుపెట్టి వెనక్కి చూస్తే సదానందం లేడు. లోపలికి ఫోన్ తేవద్దని గోడ మీద బొమ్మ చూసి, దాన్ని జానీ చేతికి ఇవ్వడానికి వెనక్కి పరుగెత్తాడు. రెక్క దగ్గరకు వస్తోంది. ఊరుకుంటే నాకే లాభం. ఆయన ఎవరికి వేస్తాడో బస్సులోనే తెలిసిపోయింది, అది నా వోటును కొట్టేసే వోటు. కానీ ఆయనతో నా పంచాయితీ ఇంకా తెగలేదు. పైగా నాకు వోటుండొద్దన్న మనిషి వోటు నా కళ్ళ ముందే ఆగిపోతే, బస్సులో నేనన్న మాటలకు అర్థం ఉండదు. నా చేతికర్రను రెక్కల నడుమ పెట్టాను.

"అవ్వా, తియ్యి కట్టె. టైమైంది."

"నాకు అక్షరం రాదు గని గడియారం వస్తది. నీ చెయ్యి ఇటు చూపెట్టు."

చూపించాడు. పెద్ద ముల్లు ఇంకా పన్నెండు మీదికి రాలేదు. సదానందం రొప్పుకుంటూ లోపల పడ్డాడు. గేటు మూసేశారు.

నాలుగింటికి లోపల వరుసలో ఉన్నవాళ్ళందరికీ చీటీలిస్తారు. అవి చివరి మనిషి నుంచి మొదలుపెట్టి ముందుకు ఇస్తారట, మధ్యలో ఎవరూ చొరబడకుండా. అందుకే అందరికంటే వెనక వచ్చిన సదానందానికి ఒకటో చీటీ, నాకు రెండోది వచ్చాయి. నా వంతు వచ్చాక గుడ్డలో చుట్టిన వోటరు కార్డు రవికలోంచి తీయబోతుంటే ఆధార్ కింద పడింది. లోపలున్న సారు దాన్ని తీసిచ్చి, "జాబితాల పేరున్నది గద, ఇది చూపెట్టినా సరిపోతుండే అమ్మా" అన్నాడు. మానుకోట, పచ్చిపులుసు, మిరప కూలీలు, లారీల దుమ్ము అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. సాయం కావాలా అని కూడా అడిగాడు. గుర్తుల బొమ్మలు నాకు తెలుసు, వద్దన్నాను. మీట నొక్కాను. మిషన్ కూత వచ్చేదాకా వేలు తీయలేదు.

బయట సదానందం పంపు దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. "మన రెండు వోట్లు చెల్లుకు చెల్లు అవ్వా. ఇద్దరం ఇంట్ల పండుకున్నా గిదే లెక్క."

"ఇంట్ల పండుకుంటే నీకు ఒకటో చీటీ దొరకకపోతుండె" అన్నాను. నీళ్ళ సీసా నింపి నా చేతికిచ్చాడు. తన మాట వెనక్కి తీసుకున్నాడని మాత్రం అనను.

ఆ రాత్రి పాత పక్కింటివాళ్ళ దగ్గర పడుకున్నా నిద్ర పట్టలేదు. నా వోటు పడింది, ఆయనదీ పడింది, అయినా గుబులు తీరలేదు. ఉచితంగా తీసుకునేవాళ్ళకు వోటు వద్దనే మాట ఒక్క సదానందంతో ఆగేది కాదు. ఆ బస్సులో నిలబడ్డవాళ్ళలో ఇంకో ఇద్దరు తల ఊపడం నేను చూశాను. వచ్చే ఎలక్షన్‌కు నా మోకాళ్ళు ఇంత దూరం రాకపోవచ్చు. గేటు దగ్గర ఆగిపోయింది నేనైతే, నా కోసం ఎవరైనా కర్ర అడ్డం పెడతారా అన్నదే నాకు తెలియనిది.

మీలో ఎవరైనా ఇట్లా పోవలసి వస్తే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఎప్పుడు మూస్తారో మీరుండే ఊళ్ళో కాదు, మీ వోటున్న ఊళ్ళో అడగండి. అడిగాక కూడా పొద్దున మొదటి బస్సుకే బయలుదేరండి, దారిలో అన్నానికి ఆగకండి.